తాపీగా తొక్కే సైకిల్: సీటు, హ్యాండిల్, టైరు, గేరు ఏ వరసలో సరిచేసుకోవాలి

పొద్దున్నే కాలువ గట్టు మీద ఓ రెండు గంటలు తిరిగి రావాలి, స్పీడు అక్కర్లేదు, కొంగ కనపడితే ఆగాలి, టీ కొట్టు కనపడితే ఆగాలి, కానీ అరగంటకే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, కూర్చున్నచోట మంట పుడుతోంది, ఏం చేయాలి? ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే జెల్ సీటు కవరు కొనేసి ఉంటారు. దాన్ని ప్రస్తుతానికి తీసి పక్కన పెట్టండి, ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను.

సైకిల్ మీద ఒక్కటి మారిస్తే మిగతావన్నీ కదులుతాయి. సీటు ఎత్తు మారితే హ్యాండిల్ అందే దూరం మారుతుంది, హ్యాండిల్ మారితే ఒంటి బరువు పడే చోటు మారుతుంది, దాన్నిబట్టి ఏ సీటు కావాలో, ఏ టైర్లో ఎంత గాలి కొట్టాలో మారుతుంది. అందుకని కింద చెప్పిన వరసలోనే వెళ్ళండి. ఖర్చు పెట్టాల్సి వస్తే ముందు టైర్లకీ హ్యాండిల్‌కీ పెట్టండి, కొత్త గేర్ల సెట్టుకి కాదు.

1. ఏ సైకిల్‌తో మొదలుపెట్టాలి

కొత్తది కొనక్కర్లేదు. ఈ పనికి మూడు రకాలు బాగా సరిపోతాయి.

ఒకటి, పాలవాళ్ళు తొక్కే నల్ల రోడ్‌స్టర్, తీగలకి బదులు ఇనప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులుండేది. దాని ఫ్రేము వెనక్కి వాలి ఉంటుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కింద బాగా ముందుకు వంగి ఉంటుంది, ఇరుసు నుంచి ఇరుసుకి దూరం 110 సెంటీమీటర్లు దాటుతుంది. దానివల్ల హ్యాండిల్ నిలకడగా ఉండి, ఒక చేత్తో కండువా సర్దుకుంటూ తొక్కినా బండి పక్కకి లాగదు. లోపాలు మూడు: బండి బరువు, బ్రేకులు, తొక్కడానికి కష్టంగా ఉండే గేరు. మొదటిదాన్ని భరించాలి, మిగతా రెండింటి సంగతి కింద చూద్దాం.

రెండు, ముందు షాక్ లేని పాత 26 అంగుళాల ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్. నా దృష్టిలో అన్నిటికన్నా చవకగా హాయినిచ్చేది ఇదే. లావు టైరు పడుతుంది, బ్రేకులు పట్టుకుంటాయి, గేర్లు ఎలాగూ ఉంటాయి.

మూడు, 700సీ హైబ్రిడ్, అంటే పెద్ద చక్రాలతో, రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్య రకం. కొనేముందు ఒక్కటి చూసుకోండి, ఫ్రేములోనూ ఫోర్క్‌లోనూ కనీసం 38 మిల్లీమీటర్ల టైరుకి చోటుండాలి. లేకపోతే మొరం రోడ్డు మీద ఒళ్ళు హూనమవుతుంది.

ముందూ వెనకా షాకులున్న చవక రకం జోలికి పోవద్దు. తొక్కిన ప్రతిసారీ ఎగురుతుంది, బరువెక్కువ, కొన్నాళ్ళకి కీళ్ళు వదులైపోయి కిర్రుమంటూ ఉంటుంది.

సైజు ఇలా చూడండి: సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే బారు మీదుగా రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడితే బారుకీ ఒంటికీ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. రోడ్‌స్టర్‌లో 24 అంగుళాల ఫ్రేము పొట్టివాళ్ళకి కుదరదు, 22 అడగండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, పంచె, చీర కట్టుకునేవాళ్ళకీ బారు లేని లేడీస్ ఫ్రేము సుఖం. మగవాళ్ళం లేడీస్ సైకిల్ తొక్కడమేంటని మొహమాటపడేవాళ్ళకి ఒక మాట, పొద్దున ఆరింటికి గట్టు మీద గేదెలు తప్ప చూసేవాళ్ళెవరూ ఉండరు.

పాత సైకిల్ అయితే ముందు ఇవి చూడండి:

- ఫ్రేము అతుకుల దగ్గర పెయింటు గీతలా చిట్లిందా? చిట్లితే ఆ ఫ్రేము వద్దు.
- ఫోర్క్ వెనక్కి నొక్కుకుపోయిందా? పక్కనుంచి చూస్తే తెలుస్తుంది.
- చక్రాన్ని పైన పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమంటోందా? చక్రం మధ్యనుండే హబ్ బిగించాలి, లేదా అందులోని బాల్స్ మార్చాలి.
- చక్రం తిప్పితే రిమ్ వంకర కనపడుతోందా? షాపులో బెండు తీయించండి.
- పెడల్ క్రాంకులు రెండూ పట్టుకుని పక్కకి కదిపితే లూజుందా?

2. పని మొదలుపెట్టేముందు

దగ్గర పెట్టుకోవాల్సినవి: కొలత టేపు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, 15 మిల్లీమీటర్ల పల్చటి స్పానర్, రోడ్‌స్టర్ అయితే సైకిల్ షాపుల్లో అమ్మే, అన్ని సైజుల కన్నాలూ ఉండే చిన్న స్పానర్, సుత్తి, ఒక చెక్క ముక్క, గ్రీజు, కరెంటు పనికి వాడే టేపు.

ఆ టేపు ఎందుకంటే, సీటు గొట్టం ఇప్పుడు ఎంత ఎత్తులో ఉందో అక్కడ ఒక చుట్టు చుట్టండి. హ్యాండిల్ గొట్టానికీ అలాగే. ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసుకోండి. మార్పు నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి దారి ఉండాలి కదా. ఒక్క రోజులో అన్నీ మార్చేసి, ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియక జుట్టు పీక్కునేవాళ్ళే ఎక్కువ.

3. ముందు సీటు ఎత్తు, ఆ తర్వాత హ్యాండిల్

గోడ పక్కన సైకిల్ నిలబెట్టి, గోడకి చెయ్యానించి ఎక్కి కూర్చోండి. మీరు మామూలుగా వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే కూర్చోండి. పెడల్‌ని బాగా కిందికి దించి దాని మీద మడమ పెట్టండి. మోకాలు పూర్తిగా చాపుకోవాలి, నడుము మాత్రం ఆ వైపు ఒరగకూడదు. ఇప్పుడు మడమ తీసి పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు కాస్త వంగుతుంది. అదే సరైన ఎత్తు.

మాటిమాటికీ దిగి ఎక్కే సవారీ కాబట్టి ఆ ఎత్తునుంచి ఒక సెంటీమీటరు తగ్గించుకోవచ్చు. అంతకన్నా తగ్గించకండి. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలని సీటు దించేయడం ఈ విషయంలో అందరూ చేసే తప్పు, మోకాలి చిప్ప దగ్గర నొప్పికి చాలాసార్లు అదే కారణం. ఆగినప్పుడు మునివేళ్ళు ఆనితే చాలు, లేదా సీటు మీంచి ముందుకి దిగి నిలబడాలి.

సీటు వాలు సమంగా పెట్టి మొదలుపెట్టండి, ఫోన్‌లోని లెవెల్ యాప్ చాలు. తొడల మధ్య తిమ్మిరి వస్తే ముక్కు ఒక్క డిగ్రీ కిందికి. ఎక్కువ దించితే ముందుకి జారిపోతూ ఆ బరువంతా చేతుల మీద మోస్తారు.

ఇప్పుడు హ్యాండిల్. తాపీ సవారీకి పట్టు సీటు కన్నా కనీసం ఐదు సెంటీమీటర్లు ఎత్తులో, మోచేతులు కాస్త వంగి ఉండేంత దగ్గరలో ఉండాలి. వీపు నిటారుగా, కొద్దిగా మాత్రం ముందుకి. మెడ ఎత్తకుండానే చెట్టు మీది పిట్ట కనపడాలి, గురి అదే.

పాతరకం గొట్టం హ్యాండిల్ అయితే పైన ఉన్న బోల్టుని రెండు మూడు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయండి. టక్కుమని లోపలి బిగింపు వదులుతుంది. వదలకపోతే తుప్పు పట్టిందన్నమాట, నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. పైకి లాగేటప్పుడు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడకూడదు. గ్రీజు రాసి బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిల్ తిప్పి చూడండి, తిరగకూడదు.

రోడ్‌స్టర్ వాళ్ళకి ప్రత్యేకంగా: హ్యాండిల్ ఎత్తితే దానితోపాటు బ్రేకు రాడ్ కూడా పైకి లాగబడి బ్రేకు రిమ్‌కి అతుక్కుంటుంది. ముందు రాడ్ బిగింపు వదులు చేసుకుని, హ్యాండిల్ ఎత్తాక మళ్ళీ సరిచేయండి. తీగల బ్రేకులవాళ్ళు హ్యాండిల్‌ని అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి కేబుల్ చాలుతుందో లేదో చూసుకోండి.

కొత్త సైకిళ్ళలో హ్యాండిల్ ఇలా పైకి లేవదు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్‌ని తిరగేసి బిగిస్తే కొంత ఎత్తు వస్తుంది, చాలకపోతే పొడిగింపు గొట్టం వేయించుకోవాలి. అన్నిటికన్నా మంచిది, తిన్నగా ఉండే హ్యాండిల్ బారు తీసేసి రోడ్‌స్టర్ తరహాలో వెనక్కి వంగిన బారు పెట్టించడం. అప్పుడు అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, మణికట్టు వంగదు, తిమ్మిర్లు చాలావరకు తగ్గుతాయి. కొనేటప్పుడు మధ్యలో స్టెమ్ పట్టుకునే చోటు 25.4 మిల్లీమీటర్లా, 31.8నా అని కొలుచుకుని వెళ్ళండి.

4. ఇప్పుడు ఏ సీటో తేల్చుకోండి

హ్యాండిల్ ఎత్తాక బరువు వెనక్కి జరిగి సీటు మీద పడుతుంది. అందుకే ముందుకి వంగి తొక్కేవాళ్ళ సన్న సీటు ఇక్కడ పనికిరాదు, వెడల్పు కావాలి. ఎంత వెడల్పు?

అట్టపెట్టె ముక్క ఒకటి, అలలు అలలుగా ఉండే రకం, గట్టి మెట్టు మీద పరిచి కూర్చోండి, మోకాళ్ళు కొంచెం పైకి లేపి ఒక నిమిషం. లేచి చూస్తే పిరుదుల ఎముకలు నొక్కిన రెండు గుంటలు కనపడతాయి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే ఇంకా బాగా కనపడతాయి. వాటి మధ్య దూరం కొలిచి, దానికి నాలుగైదు సెంటీమీటర్లు కలిపితే మీ సీటు వెడల్పు.

జెల్ కవరు సంగతికి వస్తే, ఎముకలు అందులోకి దిగబడిపోతాయి, చుట్టూ ఉన్న మెత్తటి కండ పైకి నొక్కుకుంటుంది. పది నిమిషాలు పరుపులా ఉంటుంది, గంట తర్వాత తిమ్మిరి. పైన కాస్త గట్టిగా ఉండి కింద స్ప్రింగులున్న పాత సీటే మేలు. అది కిర్రుమంటే స్ప్రింగు కొక్కేల దగ్గర గ్రీజు రాయండి.

5. టైర్లు, గాలి, పల్లేరు ముళ్ళు

ఎక్కువ సుఖం ఇక్కడే దొరుకుతుంది, ఎక్కువ తప్పులూ ఇక్కడే.

టైరు పక్కన చిన్న అక్షరాలతో 47-559, 40-635, 38-622 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ మీద టైరు కూర్చునే వ్యాసం. రెండోది కచ్చితంగా కలవాలి, మొదటిది చోటున్నంతవరకు పెంచుకోవచ్చు. 28×1½ రోడ్‌స్టర్ టైరు 635, హైబ్రిడ్‌ది 622, 26 అంగుళాల ఎంటీబీది 559. అంగుళాల్లో అడిగితే షాపులో పొరపాటు పడతారు, ఈ అంకె చెప్పండి.

చోటు చూసేటప్పుడు టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండు వైపులా కనీసం ఆరు మిల్లీమీటర్లు వదలండి. ఎంటీబీకి లోతైన గుబ్బల టైర్లుంటే తీసేయండి, తారు రోడ్డు మీద గుయ్యిమంటూ శక్తినంతా తినేస్తాయి. నడిమధ్య నునుపుగా, అంచుల్లో కొద్దిగా గీతలున్నది తారుకీ మొరానికీ రెండింటికీ పనికొస్తుంది.

గాలి ఎంత? రాయిలా కొట్టించడం మనకి అలవాటు, బొటనవేలితో నొక్కితే దిగకూడదంటారు. గతుకుల దారిలో అలా కొట్టిస్తే ప్రతి రాయీ వెన్నెముకకి తెలుస్తుంది. సుమారు 70 కిలోల మనిషికి ఇక్కడినుంచి మొదలుపెట్టొచ్చు, టైరు మీద రాసిన హద్దులు దాటకుండా:

- 28×1½ రోడ్‌స్టర్: ముందు 35, వెనక 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)
- 26×1.95: ముందు 28, వెనక 35
- 700×38: ముందు 38, వెనక 48

నిటారుగా కూర్చుంటాం కాబట్టి వెనక చక్రం మీదే బరువెక్కువ, అందుకే ఆ తేడా. మీరెక్కాక టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం నొక్కుకుంటే సరిగ్గా ఉన్నట్టు, అంటే 40 మిల్లీమీటర్ల టైరు ఆరు మిల్లీమీటర్లు దిగాలి. ఎవరినైనా పక్కన కూర్చుని చూడమనండి.

పెట్రోల్ బంకులో కొట్టించకండి. ఆ కంప్రెసర్ జోరుకి సైకిల్ ట్యూబు రెప్పపాటులో పేలుతుంది. గేజీ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉంటే ఈ మొత్తం పనిలో అంతకన్నా మంచి ఖర్చు లేదు.

ఇక ముళ్ళు. గట్ల మీద పల్లేరు కాయలు, చెరువుల దగ్గర సర్కారు తుమ్మ, ఈ రెండూ మన దారుల్లో తప్పవు. టైరు లోపల వేసే ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది, లేదంటే పాత ట్యూబుని నిలువునా కోసి, అంచుల మీద పౌడరు చల్లి లోపల పరిచినా చాలావరకు ఆగుతాయి.

పంచర్ వేశాక మళ్ళీ అరగంటకే గాలి దిగిపోతే షాపువాణ్ణి తిట్టుకోకముందు టైరు లోపల చూడండి. తుమ్మ ముల్లు మొన విరిగి రబ్బర్లోనే ఉండిపోతుంది, బయటినుంచి కనపడదు. దూది ఉండని టైరు లోపలి గోడ వెంట మెల్లగా తిప్పండి. మొన ఉన్నచోట దూది పోగు తగులుకుని ఆగిపోతుంది. వేలితో తడిమితే వేలికే దిగుతుంది, దూదే మంచిది. పట్టకారుతో లోపలి వైపు నుంచే లాగేయండి.

చిల్లు చూసి కారణం చెప్పొచ్చు. ఒకే సన్నటి చిల్లు అయితే ముల్లు. పక్కపక్కనే రెండు కాట్లుంటే గాలి తక్కువై, రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబు నలిగింది, వెనక ఐదు పీఎస్ఐ పెంచండి. చిల్లు రిమ్ వైపు ఉంటే స్పోకు మొన గుచ్చుకుంది, రిమ్ టేపు మార్చండి.

6. గేరు: ఒక ఫ్రీవీల్ మారిస్తే చాలు

రోడ్‌స్టర్‌కి సాధారణంగా ముందు 44 లేదా 48 పళ్ళు, వెనక 18 ఉంటాయి. 44కి 18 అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి సుమారు 5.4 మీటర్లు వెళ్తుంది. ఎదురుగాలికి, చిన్న ఎత్తుకి మోకాళ్ళు మూలుగుతాయి. వెనక 22 పళ్ళ ఫ్రీవీల్, అంటే వెనక పళ్ళచక్రం, వేయించండి, చుట్టుకి 4.4 మీటర్లవుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి 16 కిలోమీటర్లు, తాపీగా తిరగడానికి ఇంతకన్నా ఏం కావాలి.

పాత ఫ్రీవీల్ విప్పడానికి దాని సొంత పనిముట్టు కావాలి, అది షాపు పని. పళ్ళు పెరిగితే చైన్ బిగుతవుతుంది. చక్రాన్ని స్లాటులో ముందుకి జరిపితే సరిపోవచ్చు, లేకపోతే లింకు కలపాలి. మధ్యలో నొక్కితే చైన్ ఒక సెంటీమీటరు ఆడాలి. చక్రం జరిపాక వెనక బ్రేకు రబ్బరు కట్టెలు రిమ్‌కి సరిగ్గా తగులుతున్నాయో చూడటం మరిచిపోవద్దు.

గేర్లున్న సైకిల్‌కి కొత్తగా ఏమీ వేయకండి. ముందు మధ్య పళ్ళచక్రం మీద ఉంచి వెనకవి మార్చుకుంటూ పోతే తొంభై శాతం పని అయిపోతుంది.

7. బ్రేకులు

రాడ్ బ్రేకులు తడిస్తే స్టీలు రిమ్ మీద దాదాపు పట్టవు. చదును గట్ల మీద సరే, అరకు ఘాట్ లాంటి దిగుడు మీద మాత్రం రోడ్‌స్టర్ వద్దు. అనంతగిరి వైపు వెళ్ళినా దిగుడొస్తే దిగి నడిపించండి, సిగ్గేం లేదు. వానలో అయితే ఆగాల్సిన చోటికి ముందే ఒకసారి లైటుగా పట్టి రిమ్ తుడవాలి, తర్వాత గట్టిగా పట్టాలి.

తీగల బ్రేకులకి కట్టెకీ రిమ్‌కీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. కీచుమంటే కట్టె ముందు అంచు రిమ్‌కి కాస్త ముందుగా తగిలేలా తిప్పి బిగించండి.

8. మడ్‌గార్డ్, చైన్ కేసు, సామాను

మడ్‌గార్డ్ లేకుండా గట్టు ఎక్కకండి. కానీ అది టైరుకి అతుక్కున్నట్టు ఉండకూడదు, కనీసం ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ కావాలి. నల్లరేగడి నేల మీద వాన పడ్డాక వెళ్ళినవాళ్ళకి తెలుసు, పది గజాలు పోయేసరికి మట్టి మడ్‌గార్డ్‌లో గట్టిగా కూరుకుపోయి చక్రం తిరగనంటుంది. అప్పుడు పుల్ల పెట్టి గోకడం, భుజానికెత్తుకోవడం తప్ప గతి లేదు. ఆ నేలల్లో వాన వెలిసి, పైన ఎండి పొర కట్టేదాకా తారు రోడ్డే నయం.

చైన్ కేసు నిండుగా ఉన్నదే వేయించండి, పాంటు అంచు, లుంగీ, చున్నీ అన్నీ బతుకుతాయి. చీర కట్టేవాళ్ళకి వెనక చక్రానికి జాలీ కూడా కావాలి.

సామాను వెనక క్యారియర్‌కి రెండు వైపులా కిందికి వేలాడే సంచుల్లో పెడితే బండి ఊగదు. ముందు బుట్టలో రెండు మూడు కిలోలు మించితే హ్యాండిల్ తనంతట తనే తిరుగుతుంది. వీపు సంచి వద్దు, నిటారుగా కూర్చున్నప్పుడు ఆ బరువంతా సీటు మీదికే వస్తుంది. సైడ్ స్టాండ్ మెత్తటి నేలలో దిగబడి బండి పడిపోతుంది, కింద ఒక చపటా రాయి పెట్టండి. రోడ్‌స్టర్‌కి రెండు కాళ్ళ స్టాండ్ కాబట్టి ఆ బాధ లేదు.

సంచిలో ఉండాల్సినవి:

- ఒక ట్యూబు, ప్యాచ్ డబ్బా, టైరు లివర్లు
- చిన్న పంపు, వాల్వ్‌కి సరిపోయేది
- పాత వాల్వ్ అయితే ఒక చిన్న వాల్వ్ రబ్బరు
- స్పానర్, అలెన్ కీలు, దూది, పట్టకారు
- నీళ్ళు, టోపీ, లైటు

అడవిలోకి వెళ్ళాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి సంగతి కనుక్కోండి. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం రెండూ పులుల అభయారణ్యాలు, అక్కడ ఇష్టమొచ్చిన బాట పట్టి సైకిల్ తొక్కడం కుదరదు.

9. తొక్కి చూసి సరిచేసుకోవడం

మొదటిసారి ఇంటి చుట్టుపక్కలే అరగంట తొక్కండి, స్పానర్లు జేబులో ఉంచుకుని. ఒక్కసారికి ఒక్క మార్పే, అదీ అర సెంటీమీటరు మించకుండా.

- మోకాలికి ముందు నొప్పి: సీటు కిందుంది, లేదా గేరు బరువు. సీటు ఎత్తండి.
- మోకాలికి వెనక నొప్పి: సీటు మరీ ఎత్తుగా ఉంది.
- తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతోంది: ఇదీ ఎత్తు సీటే.
- వేళ్ళు తిమ్మిరి: హ్యాండిల్ దూరం లేదా పల్లం, లేదా సీటు ముక్కు కిందికి వాలింది. ముందు టైరు గాలీ చూడండి.
- మెడ పట్టేయడం: హ్యాండిల్ కొంచెం కొంచెంగా ఇంకో రెండు సెంటీమీటర్లదాకా ఎత్తండి.
- నడుం కింద నొప్పి, ముఖ్యంగా గతుకుల్లో: మరీ నిటారుగా ఉన్నారు. హ్యాండిల్ కొద్దిగా దించి, వెనక గాలి మూడు నాలుగు పీఎస్ఐ తగ్గించి చూడండి. గుంట ముందు కనపడితే పెడల్స్ మీద లేచి నిలబడాలి, ఏ స్ప్రింగూ మీ మోకాళ్ళంత బాగా పనిచేయదు.
- తొడలు ఒరుసుకుపోవడం: సీటు ముక్కు వెడల్పు ఎక్కువ.

మొదటి వారం తర్వాత సీటు, హ్యాండిల్, చక్రాల నట్లు మరోసారి బిగించండి, కొత్తగా కదిపినవి కాబట్టి కాస్త సర్దుకుంటాయి. రోడ్‌స్టర్‌లో క్రాంకుని పట్టి ఉంచే కాటర్ పిన్నులు కొత్తవి వేయించి ఉంటే వాటినీ చూడాలి. పెడల్ తొక్కిన ప్రతిసారీ కింద టక్కుమంటుంటే అదే వదులైంది. నట్టు ఒక్కటే బిగిస్తే లాభం లేదు, క్రాంకు కింద బరువైన ఇనప ముక్క ఆనించి పిన్నుని సుత్తితో లోపలికి దించి, ఆ తర్వాత నట్టు బిగించాలి. వదులుగానే తొక్కుతూ పోతే పిన్ను అరిగి, దాంతోపాటు క్రాంకు కన్నం కూడా పెద్దదైపోతుంది, అప్పుడు క్రాంకే మార్చాల్సి వస్తుంది.